ఓజెంపిక్ పెన్‌లో మిగిలిన ఒక్క డోసు

ఫ్రిజ్ తలుపులోంచి నా షుగర్ ఇంజెక్షన్ ఓజెంపిక్ పెన్ తీసి వెలుతురుకి పట్టి చూశాను. ఇంకొక్క డోసే ఉంది. కొత్తది కావాలంటే ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకోవాలి. రెండేళ్లుగా ఇస్తూ వచ్చినవాళ్లే, పాలసీ రెన్యువల్ కాగానే "ముందు మెట్‌ఫార్మిన్ వాడి చూడండి" అని ఉత్తరం పంపారు. ఆ షుగర్ మాత్ర నేను ఆరేళ్లు వాడాను! మంచి మందే, చవక కూడా. నాకు అదొక్కటే సరిపోలేదు.

దీన్ని స్టెప్ థెరపీ అంటారు. చవక మందు పనిచేయలేదని కాగితం మీద చూపిస్తేనే ఖరీదైనదానికి డబ్బు కడతారు. పాత రికార్డులు వాళ్ల చేతికి అందకపోతే మన కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఆ వారమంతా నాకు ఒకటే టెన్షన్. సెమాగ్లూటైడ్ (ఓజెంపిక్‌లో ఉండే మందు) మొదలుపెట్టినప్పుడు నాలుగు వారాలు 0.25 మిల్లీగ్రాములే ఇస్తారు, కడుపు తట్టుకోవాలని. అయినా నాకు వాంతి వచ్చేలా ఉండేది, అన్నం వాసన పడేది కాదు. మధ్యలో ఆగితే మళ్లీ అదంతా పడాలేమోనని భయం.

నిర్ణయం మార్చమని ఇన్సూరెన్స్ వాళ్లకి అప్పీల్ పెట్టాం. అప్పీల్‌కి ప్రాణం డాక్టర్ రాసిన ఉత్తరమే. "పేషెంట్‌కి ఈ మందు అవసరం" అన్న ఒక్క ముక్క చాలదు. ఏ మందు, ఎంత డోసు, ఎప్పటినుంచి ఎప్పటివరకు, ఎందుకు మార్చారు అన్నీ ఉండాలి. రెండు మూడు నెలల సగటు షుగర్‌ని చూపే హెచ్‌బీఏ1సీ 8.9 నుంచి 6.8కి దిగిన రెండు రిపోర్టులూ జతచేశాం.

అనుమతి వచ్చింది, ఏడాదికి మాత్రమే. గడువు ముగిసేలోపే మళ్లీ అడగాలని క్యాలెండర్‌లో పదో నెల దగ్గర ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి పెట్టాను.