జాలి లేక కాదు, జాలికి గిరి గీసుకుని

ఎక్కడైనా రెండు గుంపులు కొట్టుకున్నాయి అనగానే ఎవరో ఒకరు "ఈ జనాలకి కాస్త ఎంపతీ నేర్పిస్తే అన్నీ సర్దుకుంటాయి" అంటారు, అంటే ఎదుటివాళ్ళ బాధని తమ బాధలా అనుకోవడం. మంచి మాటే, కానీ అందులో సగం నిజమే ఉంది. మిగతా సగం ఎమిల్ బ్రూనో అనే అమెరికన్ పరిశోధకుడి పనిలో దొరుకుతుంది. చాలా రోజుల్నుంచి ఈయన గురించి రాయాలని ఉంది, ఎందుకంటే ద్వేషం గురించి ఇంత సూటిగా, ఇంత ఆశగా పనిచేసిన మనిషి నాకు ఇంకొకరు కనపడలేదు.

బ్రూనో చదివింది న్యూరోసైన్స్, అంటే మెదడు గురించిన శాస్త్రం, దానికి ముందు స్కూల్లో సైన్స్ టీచర్. వాళ్ళమ్మకి స్కిజోఫ్రీనియా. లోకం పిచ్చిది అని పక్కన పెట్టేసే మనిషిలో ఒక పూర్తి మనిషిని చూస్తూ పెరిగాడు, ఈయన పనికి అసలు మూలం అక్కడే ఉందని నా నమ్మకం. కుర్రాడిగా ఉన్నప్పుడు ఐర్లాండ్‌లో ఒక సమ్మర్ క్యాంపులో వాలంటీర్‌గా పనిచేశాడు, ఒకరితో ఒకరికి పడని కాథలిక్, ప్రొటెస్టెంట్ క్రైస్తవ వర్గాల పిల్లల్ని ఒకచోట ఉంచి, ఆడించి, స్నేహాలు కలిపే క్యాంపు అది. అంతా బాగానే నడిచింది, చివర్లో ఇద్దరు పిల్లల మధ్య గొడవ మొదలైంది, చూస్తుండగానే మిగతావాళ్ళు ఎవరి మతం వైపు వాళ్ళు చీలిపోయి కలబడ్డారు. అన్ని రోజులు కలిసి ఆడుకున్నది ఏమైపోయింది? మంచి ఉద్దేశంతో చేసే ఇలాంటి కార్యక్రమాలు నిజంగా పనిచేస్తున్నాయా, ఎవరైనా కొలిచి చూశారా అన్న ప్రశ్న తర్వాత ఆయన్ని వదల్లేదు.

మళ్ళీ ఎంపతీ దగ్గరికి వద్దాం. 2017లో బ్రూనో, తోటి పరిశోధకులు మీనా చికారా, రెబెకా సాక్స్ కలిసి ఒక రీసెర్చ్ పేపర్ వేశారు. అరబ్బుల గురించి అమెరికన్లనీ, శరణార్థుల గురించి హంగేరియన్లనీ, జర్మన్ల గురించి గ్రీకులనీ అడిగి చూశారు. తేలిందేంటంటే, ఒక మనిషిలో మొత్తంగా ఎంత ఎంపతీ ఉంది అన్నదాన్ని బట్టి అవతలి గుంపుకి సాయం చేస్తాడా, వాళ్ళకి హాని జరుగుతుంటే ఊరుకుంటాడా అన్నది చెప్పలేం. తనవాళ్ళ మీద ఉన్న ఎంపతీకీ అవతలివాళ్ళ మీద ఉన్న ఎంపతీకీ మధ్య తేడా ఎంత అన్నదే అది చెప్తుంది. అంటే బాగా జాలిగుండె ఉన్నవాడే, ఆ జాలంతా తనవాళ్ళ చుట్టూ గిరి గీసుకుని లోపలే ఉంచేసుకుంటే, బయటివాళ్ళ విషయంలో రాయిలా ఉండగలడు. ఇది చదివాక నాకు చాలా విషయాలు అర్థమయ్యాయి. తనవాళ్ళకి చిన్న దెబ్బ తగిలితే కన్నీళ్ళు పెట్టుకునే మనిషి అవతలివాళ్ళ ఇళ్ళు కాలిపోతుంటే "వాళ్ళకి అలా కావాల్సిందే" అని ఎలా అంటాడు అన్నది ఇక వింతగా అనిపించలేదు. అలాంటివాడికి ఎంపతీ క్లాసు పెడితే తనవాళ్ళ మీద ప్రేమ ఇంకాస్త పెరుగుతుందేమో, అంతే!

గిరి బయట ఉన్నవాళ్ళని అసలు ఎంత మనిషిగా చూస్తున్నాం అన్నది కొలవడానికి నూర్ క్తైలీ, బ్రూనో వాళ్ళు 2015లో చాలా మొరటైన పద్ధతి ఒకటి వాడారు. కోతి లాంటి జీవి వంగి నడుస్తూ మెల్లగా నిటారైన మనిషిగా మారే బొమ్మ అందరం చూసిందే కదా, దాన్ని ముందు పెట్టి ఫలానా గుంపు ఎంత "ఎదిగిందో" 0 నుంచి 100 వరకు మార్కు వేయమన్నారు. ఈ రోజుల్లో ఇంత బాహాటంగా ఎవరు చెప్తారు అనుకుంటాం కదా, చెప్పారు. అమెరికన్లు తమకి తాము 91 చిల్లర వేసుకున్నారు, ముస్లింలకి దాదాపు 14 పాయింట్లు తక్కువ వేశారు. ఒకర్ని ఇష్టపడకపోవడం వేరు, తక్కువ మనిషిగా చూడటం వేరు. ఈ రెండోది ఎక్కువున్నవాళ్ళు హింసని, చిత్రహింసల్ని సమర్థించడానికి ఎక్కువ మొగ్గుతారు. 2014 గాజా యుద్ధం రోజుల్లో ఇదే స్కేలుతో ఇజ్రాయెలీలనీ పాలస్తీనియన్లనీ అడిగితే, బలంలో అంత తేడా ఉన్నా, రెండువైపులా ఒకరినొకరు దాదాపు ఒకే స్థాయిలో కిందకి నెట్టారు.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది ఇది. "వాళ్ళు మనల్ని మనుషులుగా చూడట్లేదు" అని నమ్మినవాళ్ళు తిరిగి వాళ్ళని మనుషులుగా చూడటం మానేస్తారు, వాళ్ళ మీద కఠినమైన చర్యలకి ఒప్పుకుంటారు. సరే, ఆ నమ్మకం నిజమైతే ఒక లెక్క. 2020లో అమెరికాలో డెమోక్రాట్లు, రిపబ్లికన్ల మీద చేసిన స్టడీలో, అవతలి పార్టీవాళ్ళు తమని ఎంత హీనంగా చూస్తున్నారని వీళ్ళు ఊహించుకున్నారో అది అసలు ఉన్నదానికి దాదాపు రెట్టింపు అని తేలింది. రెండువైపులా అంతే. లేని ద్వేషాన్ని ఊహించుకుని, దానికి జవాబుగా నిజం ద్వేషాన్ని తయారు చేసుకోవడం అన్నమాట. అవతలివాళ్ళు అన్న మాటల్లో అన్నిటికన్నా నీచమైనదాన్ని ఏరి "చూశారా వీళ్ళ అసలు రంగు" అని వంద గ్రూపుల్లోకి ఫార్వర్డ్ చేసేవాళ్ళు ఏం చేస్తున్నారో దీన్ని బట్టి ఆలోచించండి, నాకైతే అది చాలా పెద్ద తప్పులా కనిపిస్తుంది.

మరి కూర్చోబెట్టి మాట్లాడిస్తే? 2012లో బ్రూనో, సాక్స్ ఆరిజోనాలో తెల్ల అమెరికన్లనీ మెక్సికన్ వలసదారులనీ, అలాగే ఇజ్రాయెలీలనీ పాలస్తీనియన్లనీ జతలుగా కలిపారు. ఒకరు తమవాళ్ళ కష్టాలు చెప్పాలి, రెండోవాళ్ళు విని దాన్నే తమ మాటల్లో తిరిగి చెప్పాలి. అవతలివాళ్ళ మీద ఉన్న అభిప్రాయంలో బలం ఉన్న గుంపువాళ్ళకి మార్పు ఎక్కువగా వచ్చింది విన్నప్పుడు, బలం లేనివాళ్ళలో వచ్చింది తాము చెప్పుకున్నప్పుడు. అదీ అవతల నిజంగా ఒకరు వింటేనే, ఎవరికీ అని లేకుండా ఊరికే కాగితం మీద రాసుకుంటే పాలస్తీనియన్లలో ఏ మార్పూ రాలేదు. అందుకే అణిగి ఉన్నవాళ్ళ దగ్గరికెళ్ళి "మీరు కూడా వాళ్ళ వైపు నుంచి ఆలోచించండి" అనే సలహా నాకు మంట పుట్టిస్తుంది, వాళ్ళు పుట్టినప్పటినుంచీ చేస్తున్నది అదే కదా.

స్పెయిన్‌లో చేసింది ఇంకా చిన్న పని. ఒక ముస్లిం చేసిన టెర్రరిస్టు దాడికి ముస్లింలందరూ బాధ్యులే అనేవాళ్ళని ముందు వేరే ప్రశ్న అడిగారు, మీవాళ్ళలో ఒకడు ఇలాంటి దాడి చేస్తే దానికి మీరు బాధ్యులా అని. కాదు, నాకేం సంబంధం అంటారు సహజంగానే. అదే ఊపులో ముస్లింల గురించి అడిగితే నిందించడం తగ్గింది, ఒక ఏడాది తర్వాత చూసినా ఆ తేడా మిగిలే ఉంది. ఉపన్యాసం లేదు, తిట్టడం లేదు, నువ్వు చెడ్డోడివి అనడం లేదు, వాళ్ళ న్యాయాన్నే వాళ్ళ ముందు పెట్టారు.

బ్రూనో 2020 సెప్టెంబర్‌లో బ్రెయిన్ క్యాన్సర్‌తో పోయాడు, 47 ఏళ్ళకే. అప్పటికి కొలంబియాలో పని నడుస్తోంది. 2016లో అక్కడ ప్రభుత్వంతో ఏళ్ళ తరబడి పోరాడిన ఫార్క్ గెరిల్లాలతో శాంతి ఒప్పందాన్ని రెఫరెండంలో జనం అతి తక్కువ తేడాతో తిప్పికొట్టారు, తర్వాత దాన్ని మార్చి పార్లమెంటులో ఆమోదించారు గానీ ఆయుధాలు దించినవాళ్ళని పక్కన ఉండనివ్వడానికి చాలామందికి మనసొప్పలేదు. ఈ టీమ్ ఆ మాజీ గెరిల్లాలతో, వాళ్ళ ఇరుగుపొరుగు మామూలు జనంతో మాట్లాడి చిన్న వీడియోలు తీసింది. అవి చూసినవాళ్ళలో ఆ మాజీ గెరిల్లాల మీద అభిప్రాయం మారింది, రెండు మూడు నెలల తర్వాత అడిగినా కనిపించింది. ఎందుకు వచ్చిందో కూడా పట్టుకున్నారు, "వీళ్ళు మారరు, మారలేరు" అన్న నమ్మకం సడలడం వల్ల. ఈ పేపర్ 2022లో అచ్చైంది, అందులో మొదటి పేరు బ్రూనోదే.