పెట్టకు అరగడం లేదంటే ముందు మేత సంచి తడమండి

పెట్ట మేత ముట్టకుండా, ఈకలు ఉబ్బించుకుని ఓ మూల కూర్చుంటే చాలామంది ముందు మందు సీసా కోసం వెతుకుతారు. అంతకంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. తెల్లవారగానే, ఇంకా మేత పెట్టకముందే, దాని మేత సంచి తడిమి చూడాలి. మెడ కింద, రొమ్ముకు కాస్త పైన, పెట్టకు కుడివైపు ఉంటుందది. సాయంత్రం గూట్లోకి వెళ్లేటప్పుడు నిండుగా ఉబ్బి ఉంటుంది. రాత్రంతా మేత కొద్దికొద్దిగా కిందికి దిగి, పొద్దుటికి సంచి చేతికి దొరకనంతగా ఖాళీ అవ్వాలి. అందుకే ఈ పరీక్ష పొద్దున్నే చేయాలి. సాయంత్రం తడిమితే జబ్బు కోడికీ మంచి కోడికీ తేడా తెలియదు.

పొద్దున కూడా సంచి నిండుగా ఉంటే, అది చేతికి ఎలా తగులుతోందన్నదే అసలు విషయం. గట్టి పిండిముద్దలా తగిలితే లోపల మేత అడ్డం పడింది. పొడవాటి గడ్డి, ఎండు పీచు, తాడు ముక్కలు ఉండ చుట్టుకుంటే ఇలా అవుతుంది. నీళ్లు నింపిన బెలూన్‌లా జారుతూ, ముక్కు దగ్గర పులిసిన వాసన వస్తుంటే లోపల కాండిడా అనే బూజు పెరుగుతోంది. రెంటికీ వైద్యం వేరు, ఒకదాని మందు రెండోదానికి పనికిరాదు.

అడ్డం పడినప్పుడు పెట్టను విడిగా పెట్టి, కింద పాత కాగితాలు పరవండి. గడ్డి, పొట్టు పరిస్తే వాటినే తిని ముద్దను ఇంకా పెంచుకుంటుంది. మేత ఆపండి, నీళ్లు మాత్రం ఆపొద్దు. గట్టిపడిన కొబ్బరినూనెను బఠాణీ గింజంత ఉండలు చేసి రెండు మూడు మింగించండి. ద్రవంగా ఉన్న నూనె కన్నా ఇదే నయం, ఊపిరితిత్తుల్లోకి పోయే భయం తక్కువ. తర్వాత వేళ్ల కొసలతో ముద్దను మెల్లగా నలపండి. పూటకు అయిదు నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు. పైకి, అంటే నోటివైపు, నెట్టొద్దు. ముద్దను చిదపడమే మన పని, కిందికి తోసుకునే పని సంచే చూసుకుంటుంది. 24 గంటలకు మించి పస్తు పెట్టకండి. రెండు రోజులకూ ముద్ద కరగకపోతే పశువైద్యుడు సంచి కోసి తీయాల్సి వస్తుంది. పెట్ట బాగా నీరసించక ముందే తీసుకెళ్తే తట్టుకునే అవకాశం ఎక్కువ.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. సంచిలోది కక్కించడానికి కోడిని తలకిందులుగా పట్టుకోవడం చాలామందికి అలవాటు. దయచేసి ఆ పని చేయకండి. కోడికి గాలిగొట్టం మూతి నాలుక మొదట్లోనే ఉంటుంది. పైకి వచ్చిన ద్రవం నేరుగా అందులోకి దిగితే నిమిషాల్లో ఊపిరాడక చచ్చిపోతుంది. నోట్లో మందు పోసేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. ముక్కు అంచున చుక్క చుక్కగా వదిలి, మింగాక ఇంకో చుక్క వేయండి.

పులిసిన సంచికి నూనె, నలపడం దండగ. దీనికి నిస్టాటిన్ అనే బూజు మందు వాడతారు. మోతాదు పెట్ట బరువును బట్టి ఉంటుంది, అది పశువైద్యుడే చెప్పాలి. ఈ మందు పేగుల్లోంచి ఒంటికి పట్టదు, బూజుకు తగిలిన చోటే పనిచేస్తుంది. అందుకే మేతకు ముందు ఇవ్వాలి. బెల్లం నీళ్లు, రొట్టె, తీపి పళ్లు పెడితే ఆ బూజును మేపినట్టే. నీరసంగా ఉందని యాంటీబయోటిక్ వేయడం ఇంకా పెద్ద తప్పు, బూజును అదుపులో ఉంచే మంచి బ్యాక్టీరియా కూడా దాంతో పోతుంది. తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంటే రోగం మూలం సంచిలో కాక, ఇంకా కింద ఎక్కడో ఉండొచ్చు. కందనకాయలో అడ్డం, ఏలికపాములు, కడుపులో గుడ్డు చిక్కులు, వీటిని వెతికించాలి.

కందనకాయ సంగతికి వస్తే, కోడికి పళ్లు లేవు, మేతను నలిపేది అందులోని రాళ్లే. కట్టి ఉంచిన పెట్టలకు, గింజలు తినే పెట్టలకు గరుకు రాతి పలుకులు విడిగా ఓ గిన్నెలో పెట్టండి. ఆల్చిప్పల పొడి వీటికి బదులు కాదు, అది కరిగిపోయి గుడ్డు పెంకుకు సున్నం అవుతుంది.

మేత సంచి బాగానే ఉంటే రెట్ట చూడండి. రాత్రి గూటి కింద కాగితం వేస్తే పొద్దున లెక్క తేలుతుంది. గోధుమ, ఆకుపచ్చ కలిసిన ముద్ద మీద తెల్లటి టోపీ ఉంటే అది మంచి రెట్ట. మధ్యమధ్యలో జిగటగా, చాక్లెట్ రంగులో, భరించలేని వాసనతో ఒకటి పడుతుంది. అది గుడ్డి పేగుల నుంచి వచ్చేది, పారుడు అనుకుని మందు వేయకండి. ఎండలు మండేటప్పుడు నీళ్లు ఎక్కువ తాగి పలచగా వేయడం కూడా జబ్బు కాదు. ముదురాకుపచ్చ నీళ్ల రెట్ట మాత్రం మేత లోపలికి పోవడం లేదని చెబుతుంది.

రెట్టలో రక్తం, అందులోనూ పిల్లల్లో, ఎదిగే పెట్టల్లో కనిపిస్తే ముందు అనుమానించాల్సింది రక్తపారుడు, అంటే కాక్సిడియోసిస్ అనే పేగుల పరాన్నజీవి జబ్బు. దీనికి ఆంప్రోలియం ఇస్తారు. 9.6 శాతం ద్రావణమైతే లీటరు నీటికి 2.5 మి.లీ. చొప్పున అయిదు రోజులు, తర్వాత అందులో నాలుగో వంతు మోతాదు ఒకటి రెండు వారాలు. సీసా మీది శాతం వేరైతే లెక్క మారుతుంది, చూసుకోండి. మందు నీళ్లు తప్ప వేరే నీళ్లు దొరకకూడదు. ఆ రోజుల్లో బీ1 ఉన్న విటమిన్ మందులు ఆపండి, ఆంప్రోలియం పనిచేసేది పరాన్నజీవికి బీ1 అందకుండా చేయడం ద్వారానే. కింద పరుపు తడిగా ఉంటే ఈ రోగం తిరగబెడుతుంది, బ్లీచింగ్ చల్లినా ఆ పరాన్నజీవి గుడ్లు చావవు. తడి పొట్టు ఏ రోజుకారోజు ఎత్తేసి నేలను ఆరనివ్వాలి.

తోక దించి, నిలువుగా నిలబడి ముక్కుతూ, రెట్ట వేయలేకపోతున్న పెట్టను చూసి మలబద్ధకం అనుకుని ఆముదం పోస్తుంటారు. చాలాసార్లు అక్కడ అడ్డం పడింది గుడ్డు. పొట్ట కింద చెయ్యి పెట్టి మెల్లగా చూడండి, నొక్కకండి, లోపల పగిలితే ప్రాణం మీదికొస్తుంది. ఇక ఆకుపచ్చ పారుడుతో పాటు మెడ తిరగడం, ఎగశ్వాస కనిపించినా, ఒక్కసారే రెండు మూడు కోళ్లు పడినా అది అరుగుదల సమస్య కాదు. వేగంగా అంటుకునే కొక్కెర తెగులు (రాణికెట్) లాంటిది కావచ్చు. మిగతా కోళ్లను దూరం పెట్టి వెంటనే పశువైద్యుడికి కబురు పెట్టండి.

సంచి ఖాళీ అయిన పొద్దున, మామూలు మేతనే నీళ్లతో మెత్తగా కలిపి ఒక చెంచా పెట్టండి. రెండు గంటలకు తడిమి చూసి, జారిపోయి ఉంటే ఇంకో చెంచా. గింజలు, గడ్డి వారం దాకా వద్దు. రోజూ ఒకే వేళకు పెట్టను తూచి రాసుకోండి, ఈకల కింద రొమ్ము ఎముక మీది కండ చిక్కిపోవడం కంటికి చాలా ఆలస్యంగా తెలుస్తుంది. మందు వాడినన్ని రోజులూ, ఆపాక పశువైద్యుడు చెప్పిన గడువు దాటేదాకా ఆ గుడ్లు తినకండి.