మెడల్ అంచు మీది నంబరు

మా తాతగారు రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో మద్రాసు సాపర్లలో, అంటే వంతెనలు, రోడ్లు వేసే సైనిక ఇంజనీరింగ్ దళంలో, పనిచేశారని ఇంటిల్లిపాదికీ తెలుసు గాని, ఎప్పుడు చేరారు, ఎక్కడెక్కడ ఉన్నారు అని అడిగితే “బర్మా వెళ్ళొచ్చాడు” అన్న మాట దాటి ఎవరూ చెప్పలేకపోయేవారు. యుద్ధంలో మరణించి ఉంటే ఆయన వివరాలు, బహుశా తండ్రి పేరు, ఊరి పేరుతో సహా, యుద్ధమృతుల సమాధులను, స్మారకాలను చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో దొరికేవి. అందులో ఆ యుద్ధానికి సంబంధించి 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు మరణించినవారే ఉంటారు. ప్రాణాలతో తిరిగొచ్చి, సేద్యం చేసుకుని బతికిన సిపాయిని వెదకడమే కష్టం.

సమాచారం కోసం ఆ దళపు రికార్డుల కార్యాలయానికి ఉత్తరం రాస్తే, పేరుతో చూడటం కుదరదని, సర్వీసు నంబరు కావాలని జవాబు వచ్చింది. అది సబబే, ఎందుకంటే మన ఇంటిపేర్లను, ఊళ్ళ పేర్లను ఆనాటి గుమాస్తాలు ఇంగ్లిషులో ఎవరికి తోచినట్టు వారు రాసుకున్నారు. నంబరు మాత్రం ఇంట్లోనే ఉంది. బ్రిటిష్ సైనికులకు ఆ యుద్ధపు మెడల్స్‌ను పేరు లేకుండానే ఇచ్చినా, భారత సైనికులకు ఇచ్చినవాటి మీద నంబరు, హోదా, పేరు, దళం పొట్టి అక్షరాల్లో ముద్రించారు. గుండ్రని మెడల్‌కు అంచు మీద, నక్షత్రం ఆకారంలో ఉండే స్టార్ మెడల్‌కు వెనుక వైపు. టార్చి వెలుగు ఏటవాలుగా పడేటట్టు పట్టి, భూతద్దంతో ఒక్కొక్క అంకె కూడబలుక్కుని రాసుకున్నాను. నల్లబడ్డాయని చింతపండు పెట్టి తోమబోయిన మా పిన్నిని సమయానికి ఆపగలిగాను, లేకపోతే ఆ అక్షరాలు మరింత అరిగిపోయేవి.

నంబరు పంపాక తేలిందేమిటంటే, పెన్షన్ లేకుండా విడుదలైనవారి సర్వీసు పత్రాలను 25 ఏళ్ళ తర్వాత తీసివేస్తారు, దళంలో చేరినవారందరి పేర్లుండే లాంగ్ రోల్ అనే రిజిస్టరును మాత్రం శాశ్వతంగా ఉంచుతారు. మాకు అందినది ఆ రిజిస్టరులోని ఒకే ఒక వరుస: చేరిన తేదీ, తండ్రి పేరు, తాలూకా, 1946లో విడుదల.

బర్మా సంగతి ఇంకా తేలలేదు. తాతగారి మెడల్స్‌లో బర్మా స్టార్ ఉన్నంత మాత్రాన బర్మాలో అడుగుపెట్టారని చెప్పలేము. 1942 మే నుంచి 1943 చివరి వరకు బెంగాల్, అస్సాంలలో పనిచేసినవారికీ అది ఇచ్చారు. లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆగ్నేయాసియా దళాల యుద్ధ డైరీలు, అంటే ఆయా దళాలు ఏ రోజుకారోజు రాసుకున్న నివేదికలు, ఉన్నాయి. సాపర్ కంపెనీల (దళంలోని చిన్న విభాగాల) డైరీలు చదివితే వంతెనలు, రోడ్లు, వానలు అన్నీ కనిపిస్తాయి, అధికారుల పేర్లూ కనిపిస్తాయి, కానీ మామూలు సైనికులు చాలావరకు ఇంతమంది అన్న లెక్కగానే వస్తారు. కంపెనీ ఏదో తెలిస్తే ఆ లెక్కలో ఆయనా ఒకరని చెప్పవచ్చు. మెడల్ మీద కంపెనీ పేరు లేదు, లాంగ్ రోల్ వరుసలోనూ లేదు. అందుకే కుటుంబం కోసం రాసిన పత్రంలో “బర్మా” అన్న మాట పక్కన “ఇంట్లో చెప్పుకున్నది” అని రాసి ఉంచాను.