ఏడాదికి జానెడు: స్పైడర్‌మ్యాన్ జీవితాన్ని గోడ మీదకు ఎక్కిస్తున్నాను

జూన్ 2

మా అమ్మాయి తొమ్మిదో తరగతికి వచ్చింది. ఈ వేసవి సెలవుల్లో నా పాత స్పైడర్‌మ్యాన్ సంపుటాలు తీసి చదవడం మొదలుపెట్టింది. నిన్న రాత్రి అన్నం తింటూ, "నాన్నా, సాలీడు కుట్టినప్పుడు పీటర్‌ది దాదాపు నా వయసే కదా. మరి ఇప్పుడు ఎన్నేళ్ళు?" అని అడిగింది. మొదటి దానికి అవునన్నాను. అప్పటికి అతను హైస్కూల్ పిల్లాడు, పదిహేను దాకా ఉంటాయి. రెండో దానికి జవాబు చెప్పలేకపోయాను. మొదటి కథ 1962లో వచ్చింది. క్యాలెండర్ ప్రకారం వెళ్తే ఈపాటికి పీటర్ పార్కర్ ముసలివాడు అయిపోవాలి. కామిక్స్‌లో చూస్తే ఇంకా ముప్పై దాటినట్టు ఉండడు.

అందుకని ఈ ఏడాది నా సరదా పని ఇదే. పీటర్ జీవితం మొత్తం, పుట్టుక నుంచి ఇప్పటి వరకు, ఒక గోడ చార్టు మీద వేస్తాను. కామిక్స్‌లోని అసలు పీటర్ మాత్రమే. సినిమాలు, కార్టూన్లు, వేరే లోకాల స్పైడర్‌మ్యాన్‌లు ఇందులో ఉండరు.

జూన్ 15

ముందు కార్డులు. 3 అంగుళాలు, 5 అంగుళాల ఇండెక్స్ కార్డులు వంద తెచ్చి, ఒక్కొక్క దాన్ని సగానికి కోశాను. ప్రతి కార్డు మీద నాలుగే రాస్తున్నాను: సంచిక నంబరు, కవర్ మీద ఉన్న నెల, పీటర్ జీవితంలో ఏం మారింది, వయసు గురించి ఏదైనా ఆధారం ఉందా. ఎవరితో కొట్లాడాడన్నది రాయడం లేదు. కొట్లాట వల్ల జీవితంలో ఏదీ మారకపోతే ఆ సంచికకు కార్డే లేదు. ఈ నియమం పెట్టుకోకపోతే నెలలోపే చేతులెత్తేసేవాడిని.

కార్డు అంచుకు రంగు: ఇల్లు, డబ్బు ఆకుపచ్చ, చదువు, ఉద్యోగం నీలం, స్నేహం, ప్రేమ పసుపు, చావు ఎరుపు. మొదట స్కెచ్ పెన్ వాడితే రంగు వెనక్కి దిగి అక్షరాలు పాడయ్యాయి. ఇప్పుడు రంగు పెన్సిల్ వాడుతున్నాను, రాయడానికి జెల్ పెన్.

ఇలాంటి పని మొదలుపెట్టే వాళ్ళకు ఒక మాట. కవర్ మీద వేసిన నెల, పుస్తకం అమ్మకానికి వచ్చిన నెల ఒకటి కావు. పీటర్ తొలి కథ ఉన్న 'అమేజింగ్ ఫాంటసీ' 15వ సంచిక మీద ఆగస్టు 1962 అని ఉంటుంది, కాని జూన్‌లోనే దుకాణాలకు వచ్చింది. ఏదో ఒకటే పట్టుకోవాలి. నేను కవర్ నెలనే పట్టుకున్నాను.

జూన్ 29

మొదటి చార్టు పనికి రాలేదు. చాలా మంది ఇక్కడే తప్పు చేస్తారనుకుంటున్నాను కాబట్టి ఎందుకో రాస్తాను.

ప్రచురణ కాలాన్ని కొలతగా తీసుకున్నాను. ఒక సంవత్సరానికి 5 సెంటీమీటర్లు. హైస్కూల్ భాగం చక్కగా కుదిరింది. ఆగస్టు 1962లో సాలీడు కుట్టింది, 'అమేజింగ్ స్పైడర్‌మ్యాన్' 28వ సంచికలో, అంటే సెప్టెంబర్ 1965లో, పీటర్ మిడ్‌టౌన్ హైస్కూల్ నుంచి బయటికి వచ్చాడు. మూడేళ్ళ కథ, మూడేళ్ళ ప్రచురణ. చదివే పిల్లలతో పాటే పెరిగాడన్న మాట.

తరువాత కాలేజీ. ఎంపైర్ స్టేట్ యూనివర్సిటీలో చేరింది 31వ సంచికలో, డిసెంబర్ 1965. పట్టా పుచ్చుకునే ఉత్సవం 185వ సంచికలో, అక్టోబర్ 1978. దాదాపు పదమూడేళ్ళు! పైగా ఆ రోజు కూడా వ్యాయామం క్లాసు క్రెడిట్ ఒకటి తక్కువైందని తెలిసి పట్టా చేతికి రాలేదు. నా చార్టు మీద హైస్కూల్ 15 సెంటీమీటర్లు, కాలేజీ 64 సెంటీమీటర్లు అయ్యాయి. అది పీటర్ జీవితం కాదు, అచ్చాఫీసు లెక్క.

చింపి పారేశాను. కార్డులు మాత్రం దాచాను.

జూలై 20

కొత్త కొలత ఇది: ప్రచురణ సంవత్సరం వద్దు, పీటర్ వయసు కావాలి. వయసులో ఒక్కో ఏడాదికి 20 సెంటీమీటర్లు. మా అమ్మాయి చెయ్యి చాచి చూపించి, "అంటే జానెడు" అంది. అప్పటి నుంచి స్కేలు వెతుక్కోవడం కూడా మానేశాను. 15 నుంచి 30 వరకు పదిహేను జానలు, 3 మీటర్లు. మా హాల్లో సోఫా వెనక గోడకు సరిపోతుంది.

పెద్ద చార్ట్ పేపర్లు (22 అంగుళాలు, 28 అంగుళాలవి) మూడు తెచ్చి, పొడవు వైపు సగానికి కోసి, అయిదు ముక్కలు అతికించాను. ఒక ముక్క మిగిలింది, దాన్ని పదిహేనేళ్ళ లోపు భాగానికి ఉంచాను. ఒక్కో అతుకుకు 2 సెంటీమీటర్లు పోతుంది, ముందే లెక్కలో పెట్టుకోవాలి. గోడకు డబుల్ సైడ్ టేపు వేస్తే వానాకాలం తేమకు రెండో రోజే ఊడి కింద పడింది. ఇప్పుడు పైన ఒక చెక్క బద్ద, దానికి రెండు మేకులు, బద్దకు బైండర్ క్లిప్పులతో చార్టు. అవసరమైతే మొత్తం తీసి నేల మీద పరుచుకుని పని చేయవచ్చు. నడుము కూడా నొప్పి పుట్టదు.

కాలేజీ నాలుగేళ్ళకు 80 సెంటీమీటర్లు వచ్చింది. సగం కార్డు నిలువుగా పెడితే వరసకు 12 పడతాయి, మూడు వరసలకు 36. నా దగ్గర ఆ కాలం కార్డులు 34. ఊపిరి పీల్చుకున్నాను.

పదిహేనేళ్ళ లోపు భాగం దాదాపు ఖాళీ. తల్లిదండ్రులు రిచర్డ్, మేరీ ఏమయ్యారో 1968 వార్షిక సంచిక వరకు చెప్పనేలేదు. అందులో వాళ్ళు గూఢచారులనీ, అల్జీరియాలో పనిమీద ఉండగా చనిపోయారనీ పీటర్ తెలుసుకుంటాడు. అంటే కార్డు మీద తేదీ 1968, చార్టులో చోటు మాత్రం పసితనం దగ్గర. ఇలాంటి వాటికి కార్డు మూల మడిచి పెడుతున్నాను, వెనక్కి వెళ్ళి చెప్పిన కథ అని గుర్తుకు.

ఆగస్టు 17

ఈ నెల పని నాకు ఎక్కువ ఆనందం ఇచ్చింది. తొలి సంచికల కార్డులన్నీ అతికించి వెనక్కి జరిగి చూస్తే, నేను ఎరుపు ఎక్కువ ఉంటుందనుకున్న చోట అంతా ఆకుపచ్చ. చిన్నప్పుడు ఈ కథలు చదివినప్పుడు నాకు కనబడింది గోడలెక్కడం, రాబందు వేషంలో ఎగిరే దొంగ, నాలుగు ఇనుప చేతులు తగిలించుకున్న డాక్టర్. ఇప్పుడు గోడ మీద కనబడుతున్నది ఇంటి అద్దె.

వరసగా చూడండి. శక్తులు రాగానే పీటర్ చేసిన మొదటి పని కుస్తీ పందెంలో 100 డాలర్లకు బరిలోకి దిగడం. తరువాత టీవీలో ప్రదర్శనలు. ఆ మోజులోనే ఒక దొంగను ఆపకుండా వదిలేస్తాడు, ఆ దొంగే బెన్‌ను చంపుతాడు. (బెన్, మే అంటే ఇంగ్లీషులో అంకుల్, ఆంటీ అంతే. బెన్ పీటర్ తండ్రికి అన్న కాబట్టి మన వరసలో పెదనాన్న, పెద్దమ్మ. చార్టు మీద నేను అలాగే రాశాను.) సంపాదించే మనిషి పోయాక ఇల్లు గడవదు. మార్చి 1963 నాటి 'అమేజింగ్ స్పైడర్‌మ్యాన్' మొదటి సంచికలో మే పెద్దమ్మ నగలు తాకట్టు పెట్టడం పీటర్ చూస్తాడు. ప్రదర్శన ఇచ్చి చెక్కు తెచ్చుకుంటే అది స్పైడర్‌మ్యాన్ పేరు మీద ఉంటుంది. గుర్తింపు చూపించమంటే ఏం చూపిస్తాడు? బ్యాంకులో చెల్లదు. అదే సంచికలో ఫెంటాస్టిక్ ఫోర్ అనే వీరుల జట్టు దగ్గరికి వెళ్తాడు, చేరితే జీతం వస్తుందని. జీతాలు ఉండవని తెలిసి వెళ్ళిపోతాడు. రెండో సంచికలో చిన్న కెమెరాతో తీసిన ఫోటోలు పత్రికాధిపతి జేమ్సన్‌కు అమ్మాక గానీ ఇంట్లో కాస్త స్థిమితం రాదు.

రచయిత స్టాన్ లీ, చిత్రకారుడు స్టీవ్ డిట్కో ఆ రోజుల్లో చేసిన గొప్ప పని ఇదే అని నాకు గట్టిగా అనిపిస్తోంది. వీరుడి కథలో మొదటి ఏడాది అంతా డబ్బుకు ఇబ్బంది.

ఈ ఆకుపచ్చ వరస 31 నుంచి 33 వరకు ఉన్న మూడు సంచికల్లో కొసకు చేరుతుంది. దాని మొదలు వెతకడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. 10వ సంచికలో పెద్దమ్మకు పీటర్ రక్తం ఇచ్చాడు. ఆ రక్తంలోని రేడియో ధార్మికతే ఇప్పుడు ఆమె ప్రాణం మీదకు తెచ్చింది. మందు తెప్పించడానికి తన ప్రయోగశాల సామాను అమ్మేస్తాడు. ఆ మందును కాస్తా దొంగిలిస్తారు. తిరిగి తేబోతే టన్నుల బరువున్న యంత్రం మీద పడుతుంది, పైనుంచి నీళ్ళు కారుతుంటాయి, మందు ఎదురుగా అందనంత దూరంలో ఉంటుంది. ఆ యంత్రాన్ని ఎత్తే పేజీలు మా అమ్మాయి మూడుసార్లు చదివింది. పైకి ఏమీ అనలేదు. తన చేత్తోనే ఆ కార్డు అతికించింది. 10 నుంచి 33 వరకు ఒక ఆకుపచ్చ దారం కట్టాము.

46వ సంచికలో పీటర్ ఇల్లు వదిలి కాలేజీ స్నేహితుడు హ్యారీ ఆస్బోర్న్‌తో కలిసి గదికి మారతాడు. అది కూడా ఆకుపచ్చే.

సెప్టెంబర్ 21

ఎరుపు కార్డులు.

90వ సంచిక, నవంబర్ 1970: పీటర్ ప్రేమించిన అమ్మాయి గ్వెన్ తండ్రి కెప్టెన్ స్టేసీ శిథిలాల కింద పడబోతున్న పిల్లవాణ్ణి కాపాడుతూ పోయాడు. 96 నుంచి 98 వరకు, 1971: హ్యారీ మాదకద్రవ్యాల పాలయ్యాడు. ఆ మూడు సంచికలూ కామిక్స్ కోడ్ (కామిక్స్ పరిశ్రమ తనకు తాను పెట్టుకున్న నియమావళి) ముద్ర లేకుండానే అచ్చయ్యాయి. 121, జూన్ 1973: గ్వెన్. 122: హ్యారీ తండ్రి నార్మన్ ఆస్బోర్న్.

నెల నెలా కొనుక్కుని చదివిన వాళ్ళకు ఇది రెండున్నరేళ్ళకు పైగా సాగింది. వయసు లెక్కన పెడితే ఇదంతా ఒక జానెడులో పడింది. ఒక్క ఏడాదిలో ఆ అమ్మాయి తండ్రిని పోగొట్టుకుంది, తానూ పోయింది. పీటర్‌కు అప్పుడు ఇరవై, ఇరవై ఒకటి ఉంటాయి. విడివిడిగా చదివినప్పుడు నాకు ఇది ఎన్నడూ తట్టలేదు.

గ్వెన్ కార్డు రాయడానికి ఆ సంచికను మళ్ళీ పరీక్షగా చూశాను. ఆమె పడిపోయిన వంతెన పేరు జార్జ్ వాషింగ్టన్ అని రాసి ఉంటుంది, బొమ్మ చూస్తే బ్రూక్లిన్ వంతెనలా ఉంటుంది. నేను రెండు పేర్లూ రాశాను. రెండోది, పడిపోతున్న ఆమె కాలికి సాలెదారం తగిలిన గడిలో మెడ దగ్గర చిన్న అక్షరాలతో 'స్నాప్' అన్న శబ్దం ఉంది. హఠాత్తుగా ఆగడం వల్లే మెడ విరిగిందని తరువాత 125వ సంచిక ఉత్తరాల పేజీలో సంపాదకులు చెప్పారు. పునర్ముద్రణ సంపుటాల్లో ఉత్తరాల పేజీలు చాలా వరకు ఉండవు. విడి సంచికలు ఎక్కడైనా దొరికితే ఆ పేజీలు చదవకుండా వదలకండి.

అక్టోబర్ 26

1990ల పని నెమ్మదిగా నడుస్తోంది. ఒకే నెలలో నాలుగు పత్రికల్లో పీటర్ కథ నడిచిన రోజులవి, ఒక్క కథకు నాలుగు చోట్ల వెతకాలి. కాబట్టి కొత్త నియమం: తరువాత తిరగబడిన సంగతి ఏదైనా పెన్సిల్‌తోనే రాయాలి. అసలు పీటరే నకలు (క్లోన్) అని 1995లో చెప్పి, 1996 చివర కాదన్నారు. పెన్సిల్. 400వ సంచికలో మే పెద్దమ్మ చనిపోతుంది, ఎంత బాగా రాశారో! 1998లో వచ్చి, పోయింది ఆమె కాదు, ఆమెలా నటించిన మనిషి అన్నారు. పెన్సిల్. నార్మన్ ఆస్బోర్న్ కూడా 1996లో బతికి వచ్చాడని చెప్పగానే మా అమ్మాయి సెప్టెంబర్‌లో అతికించిన ఎర్ర కార్డు ఊడదీసి, పెన్సిల్‌తో తిరగరాసి పెట్టింది. గ్వెన్ కార్డు మాత్రం పెన్‌తోనే ఉంది.

నంబర్ల చిక్కు కూడా చెప్పాలి. 441వ సంచిక తరువాత, 1999 జనవరిలో, పత్రిక మళ్ళీ 1 నుంచి మొదలైంది. 58 వరకు వెళ్ళి 2003లో ఒక్కసారిగా 500 అయింది. ఆ మధ్యలోని నంబరుకు 441 కలిపితే అసలు వరస వస్తుంది. కార్డు మీద సంవత్సరం రాయకపోతే ఇక్కడ తప్పిపోవడం ఖాయం.

నవంబర్ 23

పెళ్ళి దగ్గర ఆగిపోయి మూడు వారాలైంది.

1978లో పీటర్ పెళ్ళి చేసుకుందామని అడిగితే అతని స్నేహితురాలు మేరీ జేన్ వద్దంది. 290వ సంచికలో మళ్ళీ అడిగాడు, 292లో ఒప్పుకుంది, 1987 వార్షిక సంచికలో న్యూయార్క్ సిటీ హాల్ మెట్ల మీద పెళ్ళి. అదే ఏడాది జూన్ 5న షే స్టేడియంలో వేషాలు వేసుకున్న నటులతో నిజంగానే పెళ్ళి తంతు జరిపారు కూడా. ఇరవై ఏళ్ళ తరువాత 545వ సంచికలో, పెద్దమ్మ ప్రాణం కోసం మెఫిస్టో అనే దయ్యంతో ఒప్పందం చేసుకుని, ఆ పెళ్ళి జరగనే లేదన్నట్టు అందరి జ్ఞాపకాల్లోంచి చెరిపేశారు.

ఈ కార్డు పెన్సిల్‌తో రాయడానికి నాకు మనసొప్పలేదు. ఇరవై ఏళ్ళ సంచికల్లో వాళ్ళు భార్యాభర్తలుగా బతికారు, వంట చేసుకున్నారు, అద్దె గురించి పోట్లాడుకున్నారు, అవన్నీ నేను చదివాను. చివరికి దారి దొరికింది. పెళ్ళి కార్డు పెన్‌తో రాసి, ఆ ముక్క మొత్తం మీద బటర్ పేపర్ కప్పి, పైన మాత్రమే క్లిప్పులు పెట్టాను. కిందకు వేలాడుతుంటే ఇప్పటి పీటర్‌కు గుర్తున్న జీవితం. ఎత్తి చూస్తే జరిగిన జీవితం. స్టేషనరీ షాపులో బటర్ పేపర్ విడి షీట్లుగా దొరుకుతుంది, ఇంజనీరింగ్ డ్రాయింగ్ వాళ్ళు వాడేదే.

అమ్మాయి ప్రశ్నకు నా లెక్క ప్రకారం జవాబు ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది. 2001లో తన పాత బడిలోనే సైన్స్ టీచర్‌గా చేరినప్పుడు ఇరవై ఆరు వేసుకున్నాను. "బడి పిల్లాడు టీచర్ కావడానికి అచ్చులో 39 ఏళ్ళు, గోడ మీద పదకొండు జానలు" అని తనే కొలిచి చెప్పింది.

ఒక్క కార్డుకు మాత్రం చోటు కుదరలేదు. రెండో వరస 36వ సంచిక, డిసెంబర్ 2001, నల్లటి కవరు. న్యూయార్క్‌లో ఆ సెప్టెంబర్ 11న కూలిన టవర్ల మధ్య స్పైడర్‌మ్యాన్ నిలబడిన కథ. మిగతా అన్నింటికీ ఏడాది మార్చుకోవచ్చు. వియత్నాం యుద్ధాన్ని కూడా 2019లో కల్పిత దేశపు యుద్ధంగా మార్చేశారు. ఈ రోజును మాత్రం జరపడానికి లేదు, జరపకపోతే నా వయసు లెక్క నిలవదు. ప్రస్తుతానికి ఆ కార్డును చార్టుకు బయట, బద్ద చివర మేకుకు దారంతో వేలాడదీశాను.

మిగిలిన పని: 2008 తరువాతి కార్డులు 60 దాకా రాయాలి, నీలం పెన్సిల్ అరిగిపోయింది, 25 ఏళ్ళ దగ్గరి అతుకు మళ్ళీ వేయాలి.