ఐదు గింజలు ఇవ్వమంటే

జనవరి వచ్చిందంటే మా టంగుటూరు చుట్టుపక్కల పొగాకు బ్యారన్ల (ఆకును వేడితో ఆరబెట్టే కొట్ల) పని ఊపందుకుంటుంది. ఆ వెనకే ఆకు గ్రేడింగ్. ఆడవాళ్లు తెల్లారకముందే పనికి పోతారు. మూడు నాలుగేళ్ల పిల్లల్ని కొందరు అవ్వల దగ్గర వదులుతారు, కొందరు అంగన్‌వాడీకి పంపుతారు, చేతిలో కాస్త డబ్బులాడేవాళ్లు కాన్వెంట్ ఆటో ఎక్కిస్తారు. చివరికి వాళ్లలో చాలామంది ఒకటో తరగతిలో నా ముందుకే వస్తారు. కాబట్టి ఈ సంగతిలో నాకు కొంచెం గట్టి అభిప్రాయాలే ఉన్నాయి.

అంగన్‌వాడీ గురించి తల్లిదండ్రుల దగ్గర తరచూ వినే మాట ఇది: "ఏముంది మేడమ్, గుడ్డు పెట్టి పంపిస్తారు. ఒక్క అక్షరం రాయించరు."

రాయించకపోతే మంచిదే అంటాను నేను. మన మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. మూడేళ్ల పిల్లాడికి వాటిలో చాలావరకు ఇంకా మెత్తగానే ఉంటాయి, గట్టిపడటానికి ఏళ్లు పడుతుంది. ఆ చేతికి పెన్సిలిచ్చి నాలుగు గీతల పుస్తకంలో పేజీలు నింపమంటే వాడికి వచ్చేది చదువు కాదు, ఏడుపు. మట్టి పిసకడం, పూసలు గుచ్చడం, చిక్కుడుకాయలు వలవడం ఆ వయసు వేళ్లకు సరిపోయే పని.

లెక్కల్లో ఇంకా బాగా తెలుస్తుంది. ఒకటి నుంచి వంద వరకు ఇంగ్లీషులో గడగడా చెప్పే పిల్లలు వస్తుంటారు. చింతపిక్కలు ముందు పోసి "ఐదు ఇవ్వు నాయనా" అంటే గుప్పెడు తీసి పెడతారు. వాళ్లకు అంకెలంటే పాటే, దాని వెనక వస్తువు లేదు. అవ్వ దగ్గర అచ్చనగాయలు ఆడిన పిల్ల మాత్రం ఐదు తీసి, మళ్లీ ఒకసారి చూసుకుని మరీ ఇస్తుంది. నిన్న ఇంట్లో ఏం జరిగిందో అడిగితే బ్యారన్‌లో ఆకు ఎట్లా కడతారో చేతులు తిప్పుతూ పావుగంట చెబుతుంది. అన్ని మాటలున్న పిల్లకు చదవడం నేర్పడం నాకెంత సులువో!

మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానంలో రాశారు. అంగన్‌వాడీలను తెచ్చిన ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవల) పథకం మొదలైంది 1975 అక్టోబరు 2న. అంటే పూర్వప్రాథమిక విద్య అనే మాట మనకు కొత్తేం కాదు. కానీ చట్టం చూడండి. ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకు చదువు ప్రాథమిక హక్కు. ఆరేళ్లలోపు వాళ్ల విషయంలో మాత్రం రాజ్యాంగంలోని 45వ అధికరణం ప్రభుత్వాన్ని ప్రయత్నించమని చెప్పి ఊరుకుంది.

అన్ని అంగన్‌వాడీ కేంద్రాలూ బాగున్నాయని అనను. తూకాలు, రిజిస్టర్లు, ఫోన్‌లో ఎంట్రీలు అయ్యేసరికి టీచరమ్మకు సగం పూట పోతుంది. ఈసారి వెళ్లినప్పుడు ఒక్కసారి బీరువా వైపు చూడండి. ఆటవస్తువుల కిట్టు కొత్తగా, తాళం వేసి ఉంటే అడగండి. "పోతే నేనే కట్టాలమ్మా" అనొచ్చు, ఆమె భయం ఆమెది. అప్పుడు శేరు చింతపిక్కలు, నాలుగు కొబ్బరి చిప్పలు మనమే ఇచ్చి రావొచ్చు. వాటికి స్టాక్ రిజిస్టర్ ఉండదు.