నాన్నగారి గౌట్, మా ఇంటి వంట

చెన్నైలో చేపల ప్రియుడికి గౌట్ అనే కీళ్ల జబ్బు వస్తే ఇంట్లో ముందు చర్చకు వచ్చేది కాశిమేడు చేపల మార్కెట్టే. నాన్నగారికి కాలి బొటనవేలి కీలు ఎర్రగా వాచింది. దుప్పటి అంచు తగిలినా విలవిల్లాడిపోయారు. నెత్తళ్ల వేపుడు, మత్తి చేపల పులుసు, ఆదివారం మేక కార్జం ఆపేశాం. వాటిలో ప్యూరిన్లు అనే పదార్థాలు ఎక్కువ. శరీరం వాటిని యూరిక్ ఆమ్లంగా మారుస్తుంది. రక్తంలో అది డెసిలీటరుకు 6.8 మిల్లీగ్రాములు దాటితే కీళ్లలో సూదుల్లాంటి స్ఫటికాలు ఏర్పడవచ్చు.

బంధువులు కందిపప్పు, పాలకూర కూడా మాన్పించమన్నారు. నేను ససేమిరా అన్నాను. 2004లో అమెరికాలో పురుషులపై వెలువడిన పెద్ద అధ్యయనంలో పప్పులు, పాలకూర వంటి వాటితో గౌట్ ముప్పు పెరగలేదు. కొవ్వు తక్కువున్న పాలు, పెరుగు తీసుకున్నవారిలో తగ్గింది కూడా. అందుకే మా ఇంట్లో పప్పుచారు ఉంది, వెన్న తీసిన పెరుగు ఉంది. బీరు, కూల్ డ్రింకులు మాత్రం గుమ్మం దాటి రావు.

అయితే పథ్యంతో యూరిక్ ఆమ్లం సాధారణంగా ఒక మిల్లీగ్రాముకు మించి తగ్గదు. వైద్యులేమో 6 కంటే తక్కువ ఉండాలంటారు. నాన్నగారికి అది యూరిక్ ఆమ్లాన్ని తగ్గించే అల్లోప్యూరినాల్ మాత్రతోనే కుదిరింది. "పథ్యం చేస్తున్నాను కదా, మాత్ర ఎందుకమ్మా?" అంటారు. నొప్పి లేని రోజు కూడా వేసుకోవలసిందే నాన్నా, అని గట్టిగానే చెబుతున్నాను.