రిపోర్టులో 38

ఎడమ రొమ్ములో క్యాన్సర్ గడ్డ రెండో దశలో ఉండగా బయటపడింది. మద్రాసులో ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. నాది హార్మోన్ పాజిటివ్, అంటే ఒంట్లోని హార్మోన్లతో పెరిగే రకం కాబట్టి, వాటిని అడ్డుకునే టామాక్సిఫెన్ బిళ్ళ రోజూ వేసుకోమన్నారు. జుట్టు మళ్ళీ వచ్చింది, కావలిలో నా కుట్టుమిషను కొట్టు తెరిచాను. ఇక భయం తీరిందనుకునే రోజుల్లో వచ్చింది ఈ రక్తపరీక్ష.

మా తమ్ముడు "అక్కా, ఒళ్ళంతా ఒకసారి చూపించుకుంటే అందరికీ ధైర్యం" అని ల్యాబ్‌లో ప్యాకేజీ కట్టాడు. షుగరు, థైరాయిడ్‌తోపాటు అందులో సీఏ 15-3 అనే రొమ్ము క్యాన్సర్ రక్తపరీక్ష కూడా ఉంది. రక్తం తీసే అబ్బాయి ఎడమ చెయ్యి చాపమన్నాడు. చంకలో గ్రంథులు తీసేసిన వైపు సూది వద్దు నాయనా అని కుడి చెయ్యి ఇచ్చాను. సాయంత్రానికి రిపోర్టు ఫోనుకొచ్చింది. 38. పక్కన లావుగా హెచ్ అనే అక్షరం. దాని పక్క గడిలో సన్నగా, 30 లోపు ఉండాలని.

ఆ రాత్రి నుంచి నా ఒంట్లో ప్రతి నొప్పికీ ఒక అర్థం పుట్టింది. నడుము పట్టేస్తే ఎముకకు పాకిందనుకున్నా. దగ్గొస్తే ఊపిరితిత్తులనుకున్నా. "పొద్దస్తమానం మిషను మీద వంగి కుట్టే మనిషికి నడుంనొప్పి కొత్తా ఏంది?" అన్నారు మా ఆయన. నా చెవికెక్కలేదు. పిల్లది కాలేజీ నుంచి వచ్చి నా మొహం చూసి ఏమీ అడక్కుండా అన్నం పెట్టుకుని తినింది. దానికి ఆ వయసులో ఆ భయం పెట్టాల్సి వచ్చిందే అని ఇప్పటికీ నా మనసు కలుక్కుమంటుంది.

మద్రాసు డాక్టరమ్మ కాగితం చూసి ముందు అడిగింది ఒకటే. "ఈ పరీక్ష ఎవరు రాశారమ్మా?" ఎవరూ రాయలేదు. తర్వాత నన్ను పడుకోబెట్టి గాటు, చంక, మెడ, పొట్ట అన్నీ చేత్తో నిదానంగా చూసింది. ఆమె చెప్పింది నాకర్థమైనట్టు రాస్తాను. కణాల పైన మ్యూక్-1 అనే ప్రోటీన్ ఉంటుంది. దాని ముక్కలు రక్తంలో ఎంత ఉన్నాయో చెప్పేదే సీఏ 15-3. ఆ ప్రోటీన్ మంచి కణాల మీదా ఉంటుంది కాబట్టి కాలేయం జబ్బుల్లో, బి12 బాగా తగ్గినప్పుడు, రొమ్ములో ప్రమాదం లేని గడ్డలున్నా కూడా పెరగొచ్చు. జబ్బు నిజంగానే తిరగబెట్టినా కొందరిలో పెరగదు. ఒక ల్యాబ్ లెక్కకీ ఇంకో ల్యాబ్ లెక్కకీ తేడా ఉంటుంది. "జుట్టుకని బయోటిన్ బిళ్ళలు వేసుకుంటున్నారా?" అని కూడా అడిగింది. కీమో తర్వాత మనలో చాలామంది వేసుకుంటారు కదా, కొన్ని యంత్రాల్లో అవి లెక్కను తప్పిస్తాయట.

అందుకే ఏ లక్షణమూ లేనివాళ్ళకు ఈ పరీక్ష ఊరికే చేయించరు. ఇటలీలో 1320 మంది ఆడవాళ్ళను రెండు జట్లు చేసి చూశారు, 1994లో ఫలితాలు వచ్చాయి. ఒక జట్టుకు ఎముకల స్కాను, లివర్ స్కాను, ఛాతీ ఎక్స్‌రే, రక్తపరీక్షలు క్రమం తప్పకుండా చేశారు. రెండో జట్టుకు డాక్టరు చూడటం, మామోగ్రామ్ అనే రొమ్ము ఎక్స్‌రే, ఏదన్నా బాధ ఉంటేనే మిగతావి. బతికిన కాలంలో తేడా లేదు.

నాకు పొట్ట స్కానులో లివర్‌కు కొవ్వు పట్టిందని తేలింది. టామాక్సిఫెన్ వాడేవాళ్ళలో అది రావచ్చు. 38కి అదే కారణమని డాక్టరమ్మ గట్టిగా చెప్పలేదు, కావచ్చంది. కొన్ని వారాలాగి అదే ల్యాబ్‌లో మళ్ళీ చేయిస్తే 29.

ఇదే పరీక్ష కందుకూరు చెల్లెలికి మాత్రం ఎంతో అక్కరకొచ్చింది. కీమో వార్డులో పరిచయమైన మనిషి, నన్ను అక్కా అంటుంది. తనకు ఎముకలకు పాకింది. కొత్త మందు మొదలుపెట్టిన నెలలో ఆమె లెక్క 210 నుంచి ఇంకా పైకి పోయింది. ఫోన్లో ఒకటే ఏడుపు. మందు మొదలెట్టిన నాలుగైదు వారాల్లో, మందు పనిచేస్తున్నా అలా పెరగొచ్చని, అది చూసి మందు మార్చబోమని వాళ్ళ డాక్టరు చెప్పారు. తర్వాత తగ్గుతూ తగ్గుతూ 64కి వచ్చింది. స్కానులోనూ మచ్చలు తగ్గాయి, నొప్పీ తగ్గింది. మూడూ ఒకే మాట చెప్పాకే డాక్టరు నమ్మారు. ఆ ఏడు మొహర్రంలో రొట్టెల పండక్కి ఇద్దరం నెల్లూరు బారాషహీద్ దర్గాకు పోయి స్వర్ణాల చెరువులో దిగి ఆరోగ్య రొట్టె పట్టుకున్నాం. మందులు మందులే, మొక్కు మొక్కే.

ఇప్పుడు నా లెక్కలు వేరు. డాక్టరమ్మ రమ్మన్నప్పుడల్లా పోవడం, ఏటా కుడి రొమ్ముకు మామోగ్రామ్. గాటు దగ్గర గానీ చంకలో గానీ గడ్డ తగిలినా, ఒకేచోట ఎముకనొప్పి వారాల తరబడి వదలకపోయినా, ఆయాసం వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా వెంటనే ఫోన్ చెయ్యాలి. నడుంనొప్పికి మిషను కింద స్టూలు మార్చుకున్నా, చాలావరకు తగ్గింది.

ఈ ఏడాదీ తమ్ముడు ప్యాకేజీ అన్నాడు. షుగరు, థైరాయిడ్, లివర్ చాలు, ఆ సీఏ 15-3 తీసేయించురా అన్నాను. తీసేయించాడు.